ఎండకు చర్మ క్యాన్సర్ వస్తుందా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులు ఎంతవరకు జాగ్రత్త పడాలి?

ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్నం 12.20 ప్రాంతంలో హిందూపురం బస్టాండు బయట నిటారుగా నిలబడి కిందికి చూడండి. మీ నీడ మీ చెప్పుల కిందే ఉంటుంది. ఒకటి రెండు రోజులు ఆగితే పెనుకొండ, ధర్మవరంలోనూ ఇదే కనిపిస్తుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజులవి. ఆగస్టు మధ్యలో మళ్లీ ఒకసారి ఇలాగే జరుగుతుంది. అప్పుడు మబ్బులు ఉంటాయి కాబట్టి ఎవరూ గమనించరు.

వడదెబ్బ గురించి మనకు హెచ్చరికలు బాగానే వస్తున్నాయి. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాలుల సమాచారం ఇస్తోంది. ఫోన్లకు మెసేజ్‌లు వస్తున్నాయి. కానీ ఎండతో చర్మానికి, కళ్లకు ఏళ్ల తరబడి జరిగే నష్టం గురించి చెప్పేవాళ్లు తక్కువ. చెప్పేవాళ్లలో ఎక్కువమంది సన్‌స్క్రీన్ అమ్మేవాళ్లే. అందుకే ఒకవైపు ‘మన నల్ల చర్మానికి ఏమీ కాదు’ అనే ధీమా, మరోవైపు రీల్స్ చూసి పుట్టే అనవసర భయం. ఈ రెండింటిలో నిజమెంత?

వేడి వేరు, యూవీ వేరు

మనకు ఒంటికి తగిలేది వేడి. చర్మ కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీసేది అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ. ఇది కంటికి కనిపించదు, వేడిగానూ అనిపించదు. రోజులో వేడి ఎక్కువగా ఉండేది మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల మధ్య. యూవీ ఎక్కువగా ఉండేది 12.20కి అటూఇటూ. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలా పొరపాట్లు జరుగుతాయి.

ఒంటిపూట బడులనే తీసుకుందాం. వేసవిలో పిల్లల్ని వేడి నుంచి తప్పించడానికి బడిని 12.30కి వదిలేస్తారు. వేడి లెక్కలో అది సరైన ఆలోచనే. యూవీ లెక్కలో మాత్రం పిల్లలు రోడ్డెక్కేది రోజంతటిలో అత్యంత తీవ్రమైన సమయంలో. బడి వేళలు మార్చాలని కాదు గానీ, ఆ పావుగంట నడకకు పిల్లాడి సంచిలో ఒక టోపీయో, చిన్న గొడుగో పెట్టడం కష్టమేమీ కాదు.

హిందూపురం వాళ్లకు ఇంకో సంగతి. ఊరు సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. ధర్మవరంతో పోలిస్తే ఇక్కడ కాస్త చల్లగా, ‘బెంగళూరు వాతావరణం’లా అనిపిస్తుంది. కానీ ఎత్తు పెరిగే కొద్దీ యూవీ తగ్గదు, కొద్దిగా పెరుగుతుంది. వెయ్యి మీటర్లకు దాదాపు 10 శాతం పెరుగుతుందన్నది అంచనా. చల్లగాలి తగులుతోందని ఎండలో ఎక్కువసేపు నిలబడితే చర్మానికి పడే మోతాదు పడుతూనే ఉంటుంది. పలుచని మబ్బు కూడా అంతే, వేడిని తగ్గిస్తుంది గానీ యూవీలో చాలా భాగాన్ని వదిలేస్తుంది. ఆగస్టులో వేరుసెనగ చేలో కలుపు తీసేవాళ్లు ‘ఎండాకాలం పోయింది కదా’ అని తలకు గుడ్డ కట్టుకోకపోవచ్చు. సూర్యుడు రెండోసారి నడినెత్తికి వచ్చేది అప్పుడే.

ఎలా కొలుస్తారు?

యూవీ తీవ్రతకు ఒక సూచీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 0 నుంచి 2 అయితే తక్కువ, 3 నుంచి 5 మధ్యస్థం, 6-7 ఎక్కువ, 8 నుంచి 10 చాలా ఎక్కువ, 11 దాటితే తీవ్రం. 3 దాటితే రక్షణ మొదలుపెట్టాలని ఆ సంస్థ చెబుతుంది. మీ ఫోన్‌లోని వాతావరణం యాప్‌లో ఉష్ణోగ్రత కింద ‘యూవీ ఇండెక్స్’ అని ఒక అంకె ఉంటుంది. ఎప్పుడూ చూసి ఉండరు. వేసవిలో మన ప్రాంతంలో ఆకాశం నిర్మలంగా ఉంటే మధ్యాహ్నానికి అది 11 దాటడం మామూలే. నంబులపూలకుంటలో వేల ఎకరాల్లో సోలార్ పలకలు పరిచింది ఊరికే కాదు, ఇక్కడి ఎండ అలాంటిది.

యాప్ లేకపోయినా నీడ చాలు. మీ నీడ మీ ఎత్తుకన్నా పొట్టిగా ఉంటే యూవీ బలంగా ఉన్నట్టు. హిందూపురం అక్షాంశాన్ని బట్టి లెక్కేస్తే ఏప్రిల్ చివర్లో ఇది ఉదయం 9.15 ప్రాంతంలో మొదలై మధ్యాహ్నం 3.20 దాకా సాగుతుంది. డిసెంబర్ చివర్లో కూడా దాదాపు 10.40 నుంచి 2 గంటల వరకు ఉంటుంది. అంటే మనకు యూవీ లేని కాలం అంటూ ఏడాదిలో లేదు.

మరి మన రంగు కాపాడదా?

కాపాడుతుంది, చాలావరకు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ సహజమైన గొడుగులాంటిది. బాగా నల్లటి చర్మానికి ఎస్‌పీఎఫ్ 13 దాకా సహజ రక్షణ ఉంటుందని, తెల్లటి చర్మానికి అది 3 ప్రాంతంలోనే ఉంటుందని పాత పరిశోధనలు తేల్చాయి. మనలో చాలామంది ఈ రెండింటి మధ్య ఉంటారు. అందుకే ఆస్ట్రేలియా, అమెరికాల్లో చర్మ క్యాన్సర్ ఇంటింటి మాట అయితే, భారత్‌లో మొత్తం క్యాన్సర్లలో దాని వాటా ఒక శాతం లోపే అని సాధారణంగా చెబుతారు. కాబట్టి రోజూ ఎండలో తిరిగే మెకానిక్‌కో, డెలివరీ కుర్రాడికో రేపే క్యాన్సర్ వస్తుందని భయపెట్టడం తప్పు.

అయితే తక్కువ అంటే సున్నా కాదు. సూర్యకాంతిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. 2023 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అంచనా వెలువరించాయి. మెలనోమా కాని చర్మ క్యాన్సర్లతో చనిపోయేవారిలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరి మరణానికి ఎండలో పనిచేయడమే కారణమని అందులో తేలింది. ప్రపంచవ్యాప్తంగా 160 కోట్ల మంది ఎండలో పనిచేస్తున్నారని, 2019లో దానివల్ల 18,960 మంది చనిపోయారని ఆ సంస్థలు లెక్కగట్టాయి. చేలల్లో, ఉపాధి హామీ పనుల్లో, రోడ్డు పనుల్లో, భవన నిర్మాణంలో ఉండేవాళ్లు ఈ లెక్కలోకే వస్తారు.

కొందరికి మెలనిన్ గొడుగు ఉండదు, లేదా చిరిగి ఉంటుంది. పుట్టుకతోనే చర్మం, వెంట్రుకలు తెల్లగా ఉండే అల్బినిజం ఉన్నవారికి ఎండ నిజంగా ప్రాణాంతకం కావచ్చు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో సన్‌స్క్రీన్, నిండు దుస్తులు మందుతో సమానం. బొల్లి మచ్చలున్న చోట చర్మం త్వరగా కాలుతుంది. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి ముప్పు పెరుగుతుంది. కొన్ని మందులు ఎండను తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. ఇన్ఫెక్షన్లకు ఇచ్చే డాక్సీసైక్లిన్, బీపీ మాత్రల్లో కలిపే హైడ్రోక్లోరోథయాజైడ్ అలాంటివే. ఇది చదివి బీపీ మాత్ర ఆపేయకండి. ‘నేను రోజంతా ఎండలో ఉంటాను’ అని డాక్టరుకు చెబితే చాలు, అవసరమైతే ఆయనే మారుస్తారు.

తెల్లబడటానికి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే క్రీముల సంగతి వేరే కథనమే అవుతుంది. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఏళ్లపాటు రాస్తే చర్మం పలచబడి, ఎండ తగిలితే మండుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి, అడిగేవాళ్లూ ఉన్నారు.

ఎండ తగలని చోట వచ్చే క్యాన్సర్లు

మన దగ్గర అసలు సమస్య ఇక్కడుంది. తెల్లజాతి వాళ్లకు ముక్కు, చెవులు, మెడ లాంటి ఎండ తగిలే చోట్ల ఎక్కువగా వస్తే, మన చర్మంలో ఎండతో సంబంధం లేని చోట కూడా వస్తుంది. సన్‌స్క్రీన్ రాసుకుంటున్నాం కదా అని వీటిని వదిలేస్తే నష్టపోతాం.

ఎప్పుడో చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిన మచ్చ, యాసిడ్ పడిన మచ్చ, ఏళ్ల తరబడి మానని కాలి పుండు, కుష్ఠు నయమైనా అరికాలిలో మిగిలిపోయిన పుండు... ఇలాంటి చోట్ల పదేళ్లకో, ముప్పై ఏళ్లకో క్యాన్సర్ మొదలయ్యే అవకాశం ఉంది. పాత మచ్చ మీద కొత్తగా పుండు పడినా, గోబిపువ్వులా కండ పెరిగినా అది మామూలు విషయం కాదు.

పట్టుచీరల ఊరు ధర్మవరం గురించి రాస్తూ ఈ మాట చెప్పకపోతే ఎలా? చీర కింద లంగా బొందును రోజూ ఒకేచోట బిగించి కట్టడం వల్ల నడుము దగ్గర చర్మం ఒరుసుకుపోయి, నల్లబడి, పొలుసులు రేగుతుంది. ఇది చాలామంది ఆడవాళ్లకు తెలిసిందే. చాలా అరుదుగా ఏళ్ల తర్వాత అక్కడ మానని పుండు పడి క్యాన్సర్‌గా మారిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ధోవతి కట్టేవారిలో ఇలాంటి క్యాన్సర్‌ను మన దేశపు వైద్యులు 1940లలోనే గుర్తించారు. తప్పు చీరది కాదు, బొందుది. సన్నటి తాడుకు బదులు వెడల్పు పట్టీ పెట్టుకోవడం, కొంచెం వదులుగా, రోజూ కాస్త పైకో కిందికో మార్చి కట్టుకోవడం సరిపోతుంది. అక్కడ పుండు పడి మూడు నాలుగు వారాలకూ మానకపోతే మాత్రం సిగ్గుపడకుండా చూపించుకోవాలి.

ఇక మెలనోమా. ఇది చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైనది, మన దగ్గర అరుదు. వస్తే ఎక్కువగా అరికాలు, అరచేయి, గోరు కిందే కనిపిస్తుంది. గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే. 1977లో బయటపడింది, 1981లో 36 ఏళ్లకే చనిపోయారు. ఫుట్‌బాల్ ఆడేటప్పుడు తగిలిన దెబ్బ అని మొదట అనుకున్నారని చెబుతారు. అరికాలిలో దెబ్బేమీ తగలకుండా నల్లమచ్చ కనిపించి పెరుగుతున్నా, గోరులో నల్లటి గీత వెడల్పు అవుతూ పక్క చర్మానికి పాకుతున్నా ఆలస్యం చేయొద్దు. చెప్పుల్లేకుండా తిరిగే వాళ్లు అరికాలు తిప్పి చూసుకోవడం ఎంత అరుదో మనకు తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లవి మీరే చూడండి.

ఇంకో తికమక. ‘బేసల్ సెల్’ అనే రకం తెల్ల చర్మంలో గులాబీ రంగు ముత్యంలా ఉంటుంది. నెట్‌లో కనిపించే ఫొటోలన్నీ అవే. మన చర్మంలో అది తరచూ నల్లగా, మెరుస్తూ, అచ్చం పుట్టుమచ్చలా ఉంటుంది. యాభై ఏళ్లు దాటాక ముఖం మీద కొత్తగా ‘పుట్టుమచ్చ’ వచ్చి, మధ్యలో గుంటపడి, అప్పుడప్పుడూ రక్తం కారుతుంటే అది పుట్టుమచ్చ కాకపోవచ్చు.

ముందు కళ్లు

నిజం చెప్పాలంటే ఎండ వల్ల మన ప్రాంతంలో ముందుగా దెబ్బతినేది కళ్లే. మెలనిన్ రక్షణ చర్మానికి ఉన్నంతగా కళ్లకు లేదు. తెల్లగుడ్డు మీది నుంచి నల్లగుడ్డు వైపు కండ పాకడం, శుక్లాలు రావడం, ఈ రెండింటికీ యూవీతో సంబంధం ఉంది. బైకు మీద వెళ్లేవాళ్లు యూవీ 400 అని రాసి ఉన్న కళ్లద్దాలు వాడాలి. ఆ రక్షణ లేని ఉత్త నల్ల అద్దాలు పెట్టుకుంటే ఇంకా నష్టం. చీకట్లో కంటిపాప పెద్దదై లోపలికి మరింత యూవీ వెళ్తుంది. వెల్డింగ్ షాపుల్లో పనిచేసేవాళ్లకు ఇది రెట్టింపు వర్తిస్తుంది. వెల్డింగ్ వెలుగులోని యూవీని కూడా మొదటి గ్రూపు క్యాన్సర్ కారకాల్లోనే చేర్చారు.

సన్‌స్క్రీన్ కొనాలా?

సన్‌స్క్రీన్ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని నంబూర్ పట్టణం. 1992 నుంచి 1996 దాకా అక్కడ 1,621 మందితో ప్రయోగం చేశారు. రోజూ రాసుకున్నవారిలో ‘స్క్వేమస్ సెల్’ రకం క్యాన్సర్ కణితులు దాదాపు 40 శాతం తగ్గాయి. బేసల్ సెల్ రకం మాత్రం తగ్గలేదు. కానీ వాళ్లు తెల్లటి చర్మం వాళ్లు. ఆ 40 శాతాన్ని తెచ్చి ధర్మవరంలో ప్రకటన వేయడం కుదరదు. మన చర్మానికి సన్‌స్క్రీన్ వల్ల ప్రధాన లాభం మంగు మచ్చలు, కమిలిపోవడం తగ్గడం. పైన చెప్పిన ముప్పు ఉన్నవాళ్లకు మాత్రం తప్పనిసరి.

కొనేటట్టయితే ఎస్‌పీఎఫ్ 30 చాలు. అది యూవీబీని దాదాపు 97 శాతం ఆపితే, 50 రకం 98 శాతం ఆపుతుంది. ఒక శాతం తేడాకు రెట్టింపు ధర పెట్టాల్సిన పని లేదు. పీఏ పక్కన ప్లస్ గుర్తులు మూడైనా ఉన్నాయో లేదో చూడండి, అది యూవీఏ రక్షణకు గుర్తు. ముఖానికి, మెడకు కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండినంత రాయాలి. చెమట పడితే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇలా రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల కూడా రాదు. శనగగింజంత రాసుకుని రోజంతా తిరిగితే డబ్బాపై ఉన్న రక్షణలో కొంతే దొరుకుతుంది.

కూలికి వెళ్లే మనిషిని మూడు నాలుగు వందల రూపాయల ట్యూబు కొనమనడం కంటే ఆమె ఇప్పటికే చేస్తున్న పని మంచిదని చెప్పడం న్యాయం. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని చేలోకి వెళ్లే ఆడవాళ్లను పెనుకొండ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా చూడొచ్చు. దుస్తుల శాస్త్రం చెప్పేది కూడా అదే. దగ్గరగా నేసిన ముదురు రంగు గుడ్డ, నిండు చేతులు. పలుచని తెల్ల టీషర్టు, అందులోనూ చెమటకు తడిసింది, చాలా యూవీని వదిలేస్తుంది. నల్ల గొడుగు మామూలుగా 90 శాతానికి పైగా ఆపుతుంది. క్రికెట్ టోపీ ముఖాన్ని కాపాడుతుంది గానీ చెవులను, మెడను వదిలేస్తుంది. తాతల కాలపు తలగుడ్డను వెనక్కి జార్చి కట్టుకుంటే ఆ లోపం ఉండదు. చెట్టు నీడ మంచిదే, అయితే ఆకాశం బాగా కనిపించే నీడలో చెదిరిన యూవీ సగం దాకా తగలొచ్చు.

కారు, లారీ నడిపేవాళ్లకు ఒక మాట. పక్క అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏను చాలావరకు వదిలేస్తుంది. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన ఒక అమెరికా డ్రైవరు ముఖం ఫొటోను 2012లో అక్కడి ప్రముఖ వైద్య పత్రిక ప్రచురించింది. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలతో కుడి చెంప కంటే ఎన్నో ఏళ్లు ముసలిదైనట్టు ఉంది. హిందూపురం-బెంగళూరు మధ్య రోజూ తిరిగేవాళ్లకు అది కుడివైపు అవుతుంది. కుడి చేతికి ఒక స్లీవ్ తొడుక్కుంటే సరి.

మరి విటమిన్ డి?

ఎండను పూర్తిగా మానేయమని ఎవరూ చెప్పడం లేదు. ధర్మవరంలో గుంట మగ్గం మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లోనే కూర్చునే నేతన్నకు చర్మ క్యాన్సర్ కంటే విటమిన్ డి లోటే పెద్ద సమస్య. ఏసీ ఆఫీసుల్లో ఉండేవాళ్లకూ అంతే, ఈ కథనం రాస్తున్న డెస్కుతో సహా. విటమిన్ డి తయారయ్యేది నీడ పొట్టిగా ఉన్నప్పుడే కాబట్టి, తెల్లవారుజామున నడిచినంత మాత్రాన అది రాదు. చేతులు, కాళ్లకు వారంలో కొన్ని రోజులు పావుగంట, ఇరవై నిమిషాల ఎండ తగలనిస్తే ఎక్కువమందికి మేలు. రోజంతా చేలో ఉండేవాళ్లకు అదనంగా అక్కర్లేదు.

అనుమానం వస్తే ఎక్కడికి వెళ్లాలి?

ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి చేసే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారానికి మాత్రమే. చర్మం వాటిలో లేదు. అంటే మీ ఒంటిని మీరు చూసుకోకపోతే ఎవరూ చూడరు. అయితే ఏఎన్‌ఎం మీ ఇంటికి వచ్చినప్పుడు మానని పుండు గురించి చెప్పడానికి అడ్డేమీ లేదు. ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచి ఈ-సంజీవని వీడియో కాల్‌లో డాక్టరుకు చూపించొచ్చు, ఉచితం. ఫొటోలో తేలనిది ఉంటే హిందూపురం జిల్లా ఆస్పత్రికో, ధర్మవరం ఏరియా ఆస్పత్రికో వెళ్లాలి. అక్కడి నుంచి అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి చర్మవ్యాధుల విభాగానికి పంపుతారు. కంటి సమస్య అయితే పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో ఉచిత వైద్యం ఉంది.

ఈలోగా పసరు పూయడం, సున్నం-సోడా పెట్టి కాల్చడం, వెంట్రుకతో కట్టి తెంపడం చేయొద్దు. పైన మానినట్టు కనిపించి లోపల పెరుగుతుంది. డాక్టరు బయాప్సీ అంటే ‘కత్తి పడితే పాకుతుంది’ అని వెనక్కి రావడం మన దగ్గర చాలా ఎక్కువ. బయాప్సీ వల్ల చర్మ క్యాన్సర్ పాకదు, ఆలస్యం వల్ల పాకుతుంది. తొలిదశలో బేసల్, స్క్వేమస్ రకాలను చిన్న ఆపరేషన్‌తో తీసేస్తే నూటికి 90 మందికి పైగా నయమవుతుంది. ఎక్కడైనా మచ్చనో, కాయనో తీయించుకుంటే ఆ ముక్కను పారేయకుండా ల్యాబ్‌కు పంపమని అడగండి, రిపోర్టు దాచుకోండి.

క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ ఖర్చు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుంది. 2024కు ముందు ఆరోగ్యశ్రీ అన్నది ఇదే. డెబ్బై ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ వయ వందన కార్డు మీద ఏడాదికి రూ.5 లక్షల దాకా వైద్యం ఉంది. ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ ఈఎస్‌ఐ ఉన్నవారు డిస్పెన్సరీ నుంచి రెఫరల్ తీసుకోవాలి. హిందూపురం వాళ్లకు బెంగళూరే దగ్గర కాబట్టి చాలామంది నేరుగా కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రికి బస్సెక్కేస్తారు. వెళ్లే ముందు 104కు ఫోన్ చేసి, మీరు వెళ్లాలనుకునే ఆస్పత్రిలో మీ కార్డు చెల్లుతుందో లేదో కనుక్కోండి. బయాప్సీ రిపోర్టు, స్లైడ్లు, ఆధార్ వెంట ఉంచుకోండి. స్లైడ్లు లేకపోతే అక్కడ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.